మంచి కిరాయిదార్లు

కిరాయి ఇల్లు చూడటానికి పోయిన ప్రతిచోటా మమ్మల్ని మొదట అడిగేది ఎంతమంది ఉంటారని. తర్వాత ఏం పని చేస్తారని. మూడో ప్రశ్నను ఎవరూ నోటితో అడగరు. మా అత్తను కింది నుంచి పై దాకా ఒకసారి చూస్తారు, అంతే. ఆమె నడక, ఆమె దగ్గు, మెట్టు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ చూపు తర్వాత "ఇంకోళ్లు అడ్వాన్స్ ఇచ్చిపోయిండ్రమ్మా" అన్న మాట వస్తుందని నాకు ముందే తెలిసిపోయేది. అందుకే ఇల్లు వెతకబోయేటప్పుడు ఆమెను వెంట తీసుకుపోవడం మానేశాను. మాట్లాడుకుని, అడ్వాన్స్ చేతిలో పెట్టి, సామానంతా దించాక చివరికి అత్తను దించేవాళ్లం.

మా వైపు కిరాయి ఇంట్లో చావు జరగనివ్వరు. ఓనర్లందరూ రాక్షసులని నేను అనను. పోయిన నక్షత్రం మంచిది కాదని పంతులు చెబితే ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలి. మూసిన ఇంటికి కిరాయి రాదు. ఆ తర్వాత దిగేవాళ్లు కూడా చుట్టుపక్కల ఆరా తీసి వెనక్కి పోతారు. అందుకని మనిషి ఇక లేవదని తెలియగానే ఊరికి తీసుకుపొమ్మంటారు. ఊళ్లో ఏమీ లేనివాళ్లు రోడ్డు పక్కన టెంటు వేసుకుంటారు. దవాఖాన నుంచి ఇల్లు చూడకుండా నేరుగా కాటికి పోయినవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. మా అత్తకు ఉన్న భయం అదొక్కటే. చావంటే ఆమెకు భయం లేదు. రోడ్డు మీద పడుకోబెడతారేమోనని భయం.

ఆమె షామీర్‌పేట చెరువు చేపలు గంపలో పెట్టుకుని అల్వాల్ గల్లీల దాకా తిరిగి అమ్మిన మనిషి. ఆ గొంతు గల్లీ ఈ చివర లేస్తే ఆ చివర పిల్లులు లేచేవి. ఊళ్లో మా మామకు గుడిసె జాగా ఉండేది. ఆయన జబ్బున పడినప్పుడు అది అమ్ముడుపోయింది, తర్వాత ఆయనా పోయాడు. ఆ జాగా, దాని చుట్టూ ఉన్న పొలాలు ఇప్పుడు ఒక వెంచర్‌లో కలిసిపోయాయి. ఒకసారి చూసొద్దామని పోతే గేటు దగ్గర వాచ్‌మన్ ప్లాటు కొంటారా అని అడిగాడు. కొనమంటే పొమ్మన్నాడు. కాబట్టి ఊరికి తీసుకుపొమ్మని ఎవరైనా అంటే, తీసుకుపోవడానికి మాకు ఊరు లేదు.

నేను మిషను మీద బతికేదాన్ని. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్సు, బడులు తెరిచే ముందు యూనిఫారాలు. నా భర్త గండిమైసమ్మ దగ్గర గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షెడ్డులో వెల్డరు. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి అడగని మనిషి లేడు కాబట్టి ఇక్కడ మళ్లీ ఎత్తను.

పెళ్లయిన కొత్తలో అల్వాల్‌లో ఉన్నాం. ఉగాది పోగానే ఓనరు గొంతు సవరించుకునేవాడు, మేం కిరాయి పెంచేవాళ్లం. ఇక మా వల్ల కాదనుకున్నాక మేడ్చల్ వచ్చాం. ఇక్కడన్నా నాలుగు కాలాలు ఉందామనుకుంటే కొత్త కంపెనీలు వచ్చాయి, కిరాయి పెరిగింది. లోకల్ రైలు వచ్చింది, కిరాయి పెరిగింది. ఎదురుగా అపార్ట్‌మెంటు లేచింది. దాని నీడ మా పోర్షన్ మీద పడి బట్టలు ఆరడం మానేశాయి, అయినా కిరాయి పెరిగింది. ఏరియా బాగా డెవలప్ అవుతోందని అందరూ సంబరపడేవాళ్లు. ఆ డెవలప్ అయ్యేదేదో మేం వెళ్లిపోయాక అయితే బాగుండునని నాకు అనిపించేది.

మేడ్చల్ ఓనరు పాత పట్టాదారుల ఇంటివాడు, అత్త ఆయన్ని పటేలు అనేది. పొలం ప్లాట్లయ్యాక రియల్ ఎస్టేట్ పట్టుకున్నాడు, దానితో పాటు కొంచెం రాజకీయం. పై అంతస్తులో వాళ్లు, కింద వరసగా కిరాయి పోర్షన్లు. మంచివాడే. నీళ్ల మోటారు దగ్గర పిసినారితనం చేసేవాడు కాదు. బోనాలకు మా అత్తకు చీర పెట్టేవాడు. కిరాయి పెంచేటప్పుడు కూడా చెల్లే అని పిలిచి, కూర్చోమని కుర్చీ వేసి, చాయ్ తాగించి పెంచేవాడు. లేచి వచ్చేటప్పుడు చాయ్ బాగుందని చెప్పి రావాల్సి వచ్చేది.

పక్క పోర్షన్‌లో ఒక ఒంటరి ఆడమనిషి ఉండేది. నాకంటే చిన్నది. మొగుడు వదిలేశాడు, తల్లి అంతకు ముందే పోయింది. ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసేది. పొద్దున పోయి సాయంత్రం వచ్చేది. వచ్చేటప్పుడు మిగిలిన కూర ఏదన్నా ఉంటే గిన్నెలో మా అత్తకు తెచ్చేది. అత్త ఆ కూరకు వంక పెట్టి, గిన్నె తుడిచి తినేది. ఆమె కిరాయి ఏ నెలా టైముకు ఇచ్చింది కాదు. ఓనరు మెట్ల మీద నిలబడి ఆమెను అడగడం, ఆమె తల దించుకుని గోడకు ఆనుకోవడం మాకు అలవాటైన దృశ్యం. మేమైతే ఆ మాట పడలేం. మా ఆయనకు అభిమానం ఎక్కువ, నాకు కోపం ఎక్కువ. అందుకని ఏది ఆగినా కిరాయి మాత్రం ఒకటో తారీకుకు పైకి పోయేది.

సర్కారు డబుల్ బెడ్రూం ఇళ్లకు దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలిసినప్పుడు మేమిద్దరం కలిసే పోయాం. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయం సర్టిఫికెట్, ఫోటోలు పట్టుకుని మీసేవ ముందు ఒకే లైన్లో నిలబడ్డాం. ఆమె నాకు, నేను ఆమెకు నీళ్ల సీసా అందించుకుంటూ నిలబడ్డాం. సంవత్సరానికి ఇంతకంటే ఎక్కువ సంపాదించకూడదని ఒక హద్దు పెట్టారు. విన్నప్పుడు ఫర్వాలేదు, మనం లోపలే ఉంటాం అనుకున్నాను. దరఖాస్తు పెట్టిన నాటికి లోపలే ఉన్నాం కూడా.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. ఆ హద్దు అక్కడే ఉంది. కిరాయి మాత్రం ఉన్నచోట ఉండలేదు. అది పెరిగిన ప్రతిసారీ మా ఆయన షెడ్డులో ఓవర్‌టైము పట్టేవాడు. ఆదివారం కూడా పోయేవాడు. కళ్లు ఎర్రగా వాచి వచ్చేవాడు, నేను తడిగుడ్డ వేసేదాన్ని. నేను పండుగల ముందు గిరాకీని వద్దనకుండా ఒప్పుకుని నడుము పోగొట్టుకున్నాను. అట్లా తెచ్చిందంతా తెచ్చినట్టే మెట్లెక్కి ఓనరు దగ్గరికి పోయేది. మా ఇంట్లో కొత్త చెంచా కూడా కనపడలేదు. కాగితం మీద మాత్రం మేం బాగుపడుతూ వచ్చాం. కిరాయి కోసం ఎక్కువ సంపాదిస్తే, ఎక్కువ సంపాదిస్తున్నావు కాబట్టి నీకు ఇల్లు అక్కర్లేదు అనే లెక్క ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లు ఎన్నడూ కిరాయి ఇంట్లో ఉండి ఉండరు.

చివరికి ఒకరోజు విచారణకు మనిషి వచ్చాడు. దరఖాస్తు పెట్టినవాళ్లు నిజంగా పేదవాళ్లేనా అని ఇల్లిల్లూ తిరిగి చూసే ఉద్యోగి. నా ఖర్మకొద్దీ నేను ఆ పూట కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి నాగారంలో ఒక పెళ్లివారింటికి పోయాను. పక్కామె క్యాంటీన్‌లో ఉంది. మా ఆయన షెడ్డులో. అత్త నిద్రపోతోంది. వచ్చినాయన్ని ఓనరే పైకి పిలిచి కుర్చీ వేశాడు. మా గురించి అడిగితే ఆయనే చెప్పాడు.

సాయంత్రం నేను గేటు తీయగానే మెట్లు దిగి ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చెల్లే, ఇయ్యాల మీ గురించి ఎంత మంచిగ జెప్పిన్నో ఎరికేనా. ఒకటో తారీకు దాటనియ్యరు, ఒక్కనాడు అడిగిచ్చుకోలే అని జెప్పిన. మీ ఆయన ఆదివారం గూడ డ్యూటీ జేస్తడు, మస్తు కష్టజీవి అన్న. నీ మిషిని దగ్గర గిరాకీ తెగదు, లైను గడ్తరు అన్న. గాయన అంతా రాసుకుండు."

పక్కామె గురించి ఏం చెప్పావన్నా అని అడిగాను. ఆయన మొహం చిట్లించాడు. ఉన్నదే చెప్పానన్నాడు. నెలనెలా ఏడిపిస్తుందని, దిక్కూ మొక్కూ లేనిదని, ఎప్పుడిస్తుందో ఆమెకే తెలియదని, ఖాళీ చేయిద్దామంటే పాపం అనిపిస్తోందని చెప్పాడట. ఆమె మీద ఉన్న విసుగంతా ఆ కుర్చీలో కూర్చున్నాయన ముందు కక్కేశాడు. అదీ ఆయన రాసుకున్నాడు.

ఇక చెప్పేదేముంది. అర్హుల జాబితాలో ఆమె ఉంది, మేం లేం. ఆఫీసుకు పోయి అడిగితే అక్కడి మనిషి కసురుకోలేదు, మర్యాదగానే మాట్లాడాడు. మీ ఆదాయం హద్దు దాటిందమ్మా, విచారణలో అట్లా తేలింది అన్నాడు. కిరాయి తీసేసి చూడండి సారూ అన్నాను. కిరాయి తీసి చూసే పద్ధతి లేదన్నాడు. ఇంటికి వచ్చి ఓనరుతో దెబ్బలాడటానికి మెట్లెక్కాను. ఆయన నిజంగా బిత్తరపోయాడు. నేను మంచిగనే జెప్పిన గదమ్మా, చెడ్డగ జెప్పాల్నా అన్నాడు. ఆయన తన కిరాయిదార్లకు ఇవ్వగలిగిన పెద్ద మర్యాద అది. మంచి కిరాయిదారు అని చెప్పడం. ఆ మర్యాద ఇన్నేళ్లూ మేం కావాలని సంపాదించుకున్నదే. తిట్టడానికి నోరు రాలేదు. దిగి వచ్చి మిషను ముందు కూర్చున్నాను.

డ్రా రోజున ఒక ఫంక్షన్ హాలులో కుర్చీలు వేసి, స్టేజీ మీద కంప్యూటరు పెట్టారు. పక్కామెకు ఒంటరిగా పోవడానికి భయమేసింది. అక్కా నువ్వు రావా అంది. పోయాను. మా పేరు లేని డ్రాకు పోయి కూర్చోవడం నాకే నవ్వొచ్చింది. ఆమె నా చేయి పట్టుకుని కూర్చుంది, అరచేతికి చెమట. పేర్లు తెర మీద ఒక్కొక్కటే పడుతున్నాయి. ఆమె పేరు పడ్డప్పుడు ఆమె చూడలేదు, కళ్లు మూసుకుని ఉంది. నేనే కుదిపి చెప్పాను. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు కడుపు మండింది, అబద్ధం ఎందుకు. వీపు నిమిరాను గానీ లోపల మండుతూనే ఉంది. ఇంటికొచ్చి అత్తకు చెబితే ఆమె కాసేపు పైకప్పు చూసి, "మంచిదే. దానికెవలున్నరు" అని అటు తిరిగి పడుకుంది.

తాళాలు చేతికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఈలోపు క్యాంటీన్ కాంట్రాక్టు మారి ఆమె పని పోయింది. అల్వాల్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో వంట దొరికింది. తెల్లారకముందే పొయ్యి వెలిగించాలి కాబట్టి అక్కడే ఒక రూము కిరాయికి తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఇల్లేమో షామీర్‌పేట అవతల, బస్సు దిగి చాలా దూరం నడిచేచోట. కొత్త బ్లాకులు, కొత్త రంగులు, రోజు విడిచి రోజు నీళ్లు. ఆ దరిదాపుల్లో ఆమెకు వంట పని ఇచ్చేవాళ్లు లేరు. ఇల్లుంది గానీ అందులో ఉంటే తిండి లేదు. గృహప్రవేశానికి పాలు పొంగించి, పక్కనే కూర్చుని ఏడ్చింది. మర్నాడు తాళం వేసి అల్వాల్ వెళ్లిపోయింది.

మా అత్త పడిపోయింది అదే సంవత్సరం. గుండెకు నీరు చేరిందన్నారు. దవాఖానలో కొన్నాళ్లు పెట్టుకుని, మందులు రాసి, ఇంట్లో చూసుకోండి అన్నారు. ఆ మాటకు అర్థం మా ఆయనకు తెలిసింది, నాకూ తెలిసింది. అత్తకు అందరికంటే ముందే తెలిసింది. ఆటోలో తీసుకొస్తుంటే మేడ్చల్ చెక్‌పోస్టు దాటాక నా చేతి మీద చేయి వేసింది.

"నన్ను దవాఖానల్నే ఉండనియ్యకపోయిండ్రా బిడ్డా. గా పటేలు ఇంటి ముందట పంచాది నాకొద్దు."

పంచాయితీ పెట్టడానికి ఓనరు వారం కూడా ఆగలేదు. అయితే ఆయన పెట్టింది పంచాయితీ అని కూడా అనలేను. యాపిల్ పండ్లు తెచ్చాడు. అత్త మంచం పక్కన కూర్చుని, అవ్వా ఎట్లున్నవ్ అని అడిగాడు. బయటికి వచ్చాక మా ఆయన భుజం మీద చేయి వేసి, పైన తన భార్య భయపడుతోందని, కొడుక్కి పెళ్లి సంబంధాలు చూస్తున్నారని, మమ్మల్ని పొమ్మనడానికి తనకు నోరు రావడం లేదని చెప్పి, పొమ్మన్నాడు. అవ్వను ఊరికి తీసుకుపోండి, అయిపోయాక మళ్లీ రండి, పోర్షన్ మీకే ఉంచుతా అన్నాడు. ఇనుము కరగబెట్టే మా ఆయన చిన్నపిల్లాడిలా గోడకేసి నిలబడ్డాడు. నేనే అన్నాను, మాకు ఊరు లేదన్నా అని. ఆయన తల దించుకున్నాడు గానీ మాట మార్చుకోలేదు.

ఇళ్లు చూశాం. ఈసారి అత్తను దాచడానికి లేదు, మంచం మీద ఉన్న మనిషిని ఎట్లా దాస్తాం. దాచినా దిగిన మర్నాడు తెలిసిపోతుంది. కాళ్లరిగేలా తిరిగి ఒకరోజు అల్వాల్ పోయాను, పాత ఓనర్లలో ఎవరన్నా జాలిపడతారేమోనని. ఎవరూ పడలేదు. ఆకలేసి హాస్టల్ వెనక గేటుకు పోయి మా పాత పక్కామెను పిలిచాను. అన్నం పెట్టింది. తింటూ అన్నీ చెప్పాను. వింటూ వింటూ ఆమె గరిటె కింద పెట్టింది.

ఆమె బాధ ఆమెకుంది. తాళం వేసిన ఇళ్లను సర్కారువాళ్లు వెనక్కి తీసుకుంటారని బ్లాకులో అనుకుంటున్నారు. ఎవరన్నా అందులో ఉండాలి. కిరాయికిస్తే అదీ తప్పే, తెలిస్తే రద్దు చేస్తారు. అల్వాల్‌లో రూము కిరాయికి హాస్టల్ జీతం సరిపోవడం లేదు. మీరు పోయి ఉండండి అంది. కిరాయి మాత్రం ఇవ్వాలి అంది, సిగ్గుపడుతూ. అవ్వ సంగతి ఏమిటని అడిగాను. ఇంట్లో పోతే ఏమిటని సూటిగానే అడిగాను. ఆమె నా కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది. గప్పుడు సూద్దాం అక్కా అంది. అంతకంటే మంచి మాట నాకు ఆ నెలలో ఎవరూ చెప్పలేదు.

షరతు ఒక్కటే. మేం కిరాయిదార్లమని ఎవరికీ తెలియకూడదు. అవ్వ ఆమె తల్లి, మా ఆయన అన్న, నేను వదిన. తల్లికి బాగోలేదు కాబట్టి అన్నావదినలు వచ్చి చూసుకుంటున్నారు, ఆమె పని మీద అల్వాల్‌లో ఉంటోంది. ఎవరడిగినా ఇదే చెప్పాలి. హద్దు దాటి డబ్బున్నవాళ్లమై మాకు రాకుండా పోయిన ఇంట్లోకి, అది వచ్చినామెకు చుట్టాలమై చేరుకున్నాం.

అబద్ధం ఆడటానికి నేను బిగుసుకుపోతుంటే మా అత్త మాత్రం దిగిన రెండో రోజు నుంచే అందుకుంది. లేవలేని మనిషి, దిండుకు ఆనుకుని, పలకరించడానికి వచ్చిన బ్లాకు ఆడవాళ్లకు కూతురి కథలు చెప్పేది. కూతురు పుట్టినప్పుడు చెరువు నిండి మత్తడి దూకిందని, గంపలో చేపల పక్కనే పడుకోబెట్టుకుని తిరిగానని, చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే మూడు ఊళ్లకు వినపడేట్టు ఏడ్చేదని. అన్నీ కల్పనే. వాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. కోడలు మంచిగ చూసుకుంటుందా అని అడిగితే, "ఆఁ, సూస్తది, నోరే జర ఎక్కువ" అనేది. పక్క గదిలో ఆమె బట్టలు ఉతుకుతున్న నాకు ఒళ్లు మండేది. ఇన్నేళ్లు చేసినదానికి నాకు దక్కింది నోరు ఎక్కువన్న మాట. పుట్టని కూతురికి మాత్రం చెరువు మత్తడి దూకింది. వాళ్లు పోయాక ఆ మాటే అంటే అత్త చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

ఒకరోజు సాయంత్రం, కిటికీలో ఎండ వాలుతుండగా, ఇక్కడ్నే పోతనా అని అడిగింది. "ఇక్కడ్నే అత్తా" అన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. "గప్పుడు సూద్దాం" అన్న మాట నా చెవుల్లో తిరుగుతూనే ఉంది. ఇల్లిచ్చిన మనిషి రేపు వచ్చి వద్దంటే నేను ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

నీళ్లు వచ్చే రోజు పొద్దున పోయింది. డ్రమ్ములు నింపి లోపలికి వచ్చి, చాయ్ తాగుతావా అని అడిగాను. దగ్గరికి పోయి చూస్తే అయిపోయింది. నేను అరిచానో లేదో గుర్తులేదు. ఎదురింటామె వచ్చింది, ఆమె వెనక ఇంకో నలుగురు. నేను మా ఆయనకు ఫోన్ చేసే లోపే ఒకామె తన ఫోన్లో ఇంటామెకు చేసేసింది. మీ అమ్మ పోయింది, జల్దీ రా అని. నాకు ఏడుపు కూడా ఆగిపోయింది. అత్త ఇంకా మంచం మీదే ఉంది. కింద దించాలి, తలుపు ముందు పడుకోబెట్టాలి. ఆడవాళ్లు చాప ఇంట్లో వేయాలా, బయట వేయాలా అని నన్ను అడుగుతున్నారు. నేను చెప్పలేకపోయాను. బిడ్డ రానీయండి అన్నాను. వాళ్లకు అది మర్యాదగా వినిపించింది. మా ఆయన షెడ్డు నుంచి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆయన కూడా తలుపు వైపే చూస్తున్నాడు.

ఆమె ఆటో దిగి మెట్లెక్కి వచ్చింది. కొంగుకు పసుపు మరకలు, చేతులకు పిండి. గుమ్మం దగ్గర ఆగి మంచం వైపు చూసింది. ఆడవాళ్లు దారి ఇచ్చి, రా బిడ్డా, మీ అమ్మను జూస్కో అంటూ ఏడుపు అందుకున్నారు. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె నా వైపు చూసింది, తర్వాత మా ఆయన వైపు, తర్వాత కింద నేల వైపు.

"మంచం మీదనే ఉంచిండ్రేంది? దించుండ్రి. ఇంట్ల పండవెట్టుండ్రి. నా తల్లి నా గడప దాటే పోతది."

అని మంచం మీద పడి ఏడ్చింది. మొదట నాటకం అనుకున్నాను. తొందరగానే అది నాటకం కాదని తెలిసింది. గుండెలు బాదుకుంటోంది, అమ్మా అమ్మా అంటోంది, ఊపిరి తిరగడం లేదు. నేను పోయి పట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లకు వినపడకుండా నా చెవిలో అంది:

"మా అమ్మను అల్వాల్ల చెత్తకుండి పక్కన పండవెట్టిన అక్కా. ఓనరు గేటు తియ్యలే. వానల. పైన ఫ్లెక్సీ కట్టిండ్రు, దాని మీద ఎవలదో బర్త్‌డే ఫోటో. ఏడ్వనీకి గూడ జాగ లేకుండె."

అప్పుడు నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, కూతురూ కోడలూ ఎంత కలిసిమెలిసి ఉన్నారని ఎవరో అన్నారు.

పంతులు వచ్చి నక్షత్రం చూసి తల ఊపాడు. ఇల్లు కొన్నాళ్లు వదిలిపెట్టాలన్నాడు. ఇల్లు మూస్తే సర్కారోళ్లు పట్టుకుపోతారు, వదిలేది లేదు, దీపం పెట్టుకుని ఉంటాం అని ఆమె ఖరాఖండిగా చెప్పింది. ఆయన అట్లాంటి జవాబు ఎప్పుడూ విని ఉండడు. ఏదో శాంతి చెప్పి, దక్షిణ తీసుకుని పోయాడు. మధ్యాహ్నం అత్తను ఎత్తుకున్నారు. మా ఆయన ముందు నడిచాడు. గడప దాటుతుంటే బ్లాకు ఆడవాళ్లు పువ్వులు చల్లారు, ఎంత అదృష్టం, బిడ్డ సొంతింట్లోంచి పోతోంది అన్నారు. నన్ను ఎవరూ ఓదార్చలేదు, అందరూ ఆమెనే పట్టుకుని ఉన్నారు. కోడలి ఏడుపుకు ఎవరు విలువిస్తారు. ఫర్వాలేదనిపించింది. రోడ్డు మీద నుంచి కాదు కదా.

దినాలు అయ్యే దాకా ఆమె హాస్టల్‌కు సెలవు పెట్టి మాతోనే ఉంది. చివరి రోజు అందరూ భోంచేసి వెళ్లిపోయాక, గిన్నెలు కడుగుతూ ఇద్దరమే మిగిలాం. ఆమె కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది. ఖాళీ చేయమంటుందని అనుకున్నాను. అంటే తప్పు పట్టను, ఆమె చేసింది ఎవరూ చేయనిది.

"వదినె," అంది. ఇంట్లో వినేవాళ్లు ఎవరూ లేరు, అయినా అక్కా అనలేదు. "అల్వాల్ల నాకు కిరాయి పెంచిండ్రు. వచ్చే నెల సంది మీరు జర ఎక్కువియ్యాలె. నాకు వేరే దారి లేదు."

నేల వైపు చూస్తూ చెప్పింది. కొత్తిమీర కట్ట కోసం బండివాడితో గొడవ పడే మనిషిని నేను. ఓనర్లతో, ఆఫీసులో, జాకెట్టుకు హుక్కులు వేసినందుకు వేరే ఎందుకివ్వాలనే గిరాకీలతో, అందరితో మాట పెంచిన నోరు నాది. ఆ పూట బేరమాడటానికి అది లేవలేదు. ఎంత అని కూడా అడగకుండా ఇస్తానన్నాను. ఆదివారం డ్యూటీలు మళ్లీ దొరుకుతాయేమో షెడ్డులో అడగమని సాయంత్రం మా ఆయనకు చెప్పాను.